చిక్కుడు మడిలో మూడో చెయ్యి

పొద్దున్నే ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒంట్లో ఎలా ఉందని అడగరు. అడగకముందే అందరూ చెప్పేస్తారు. పొయ్యి మీద పాలు పొంగేలోపు కొడుకు వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు పిడచకట్టుకుపోతోందని, బీరపాదులకి నీళ్ళు చాలినట్టు లేదని అంటాడు. కోడలు మోచేతులు బరుక్కుంటూ వచ్చి బెండకి మళ్ళీ పురుగు పట్టిందంటుంది. ఇంటి పెద్దాయన అరికాళ్ళు రుద్దుకుంటూ, దోసమడిలో నీళ్ళు నిలిచి తన కాళ్ళు నానిపోతున్నాయని, ఎవరైనా గట్టు తెంపి పుణ్యం కట్టుకోమని అరుస్తాడు. ఆయన భార్య పెద్దమ్మ అందరి గోడూ విని ఎవరికి పార, ఎవరికి వేపనూనె, ఎవరికి ఉత్త కాఫీయో తేల్చి పంపిస్తుంది.

ఆ నేల తీరే అంత. విత్తనం ఎవరి చేతిలోంచి మట్టిలోకి జారితే ఆ మడి వాళ్ళది. మడికి దాహమైతే వాళ్ళ గొంతు ఎండుతుంది. వాళ్ళకి జ్వరమొస్తే మడి తలవేలేస్తుంది. కాయ కోస్తే గోళ్ళు తీసుకున్నట్టుంటుంది, నొప్పేమీ ఉండదు. కాపు అయిపోయి తీగ దానంతటది ఎండిపోతే జలుబు దిగినట్టు దిగిపోతుంది. పచ్చగా ఉన్నదాన్ని పీకితే మాత్రం పన్ను పీకినట్టే. గట్టి మనుషులైతే ఓ పూట మూలిగి లేస్తారు. చుట్టుపక్కల వాళ్ళెవరూ దీన్ని వింతగా చూడరు. ఒకళ్ళది చౌడు నేల, ఒకళ్ళది రాళ్ళ నేల, వీళ్ళది ఇలాంటి నేల, అంతే.

అందుకని కాలం మారినప్పుడల్లా ఏ విత్తనం ఎవరు వెయ్యాలన్నది ఆ ఇంట్లో పెద్ద పంచాయితీ. ఒక ఏడు, వంగి నడుస్తున్నాడని కొడుక్కి పొట్లమడి అప్పజెప్పారు. కాయ తిన్నగా సాగాలని చివర రాయి కట్టినప్పుడల్లా వాడి వెన్ను సాగి సాగి, చివరికి గుమ్మాలు తలకి తగిలాయి. పెళ్ళి కుదిరింది ఆ రోజుల్లోనే. కాపు అయిపోయాక అల్లుడు జానెడు కుంచించుకుపోయాడని, ముందే తెలిస్తే ఆలోచించేదాన్నని పిల్ల తల్లి ఇప్పటికీ అంటుంది.

ఈ పంచాయితీ నడిపే పెద్దమ్మకి ఊళ్ళో పేరు కంగారు పెద్దమ్మ. ఆవిడ గాభరాపడితే బావిలో నీళ్ళు సుళ్ళు తిరిగేవి, పాలు విరిగేవి, పక్కింటి కోళ్ళు గుడ్లు పెట్టబోయి ఆగేవి. మబ్బు లేకపోయినా భయమే, ఉన్నా భయమే. అందులో రెండు భయాలు మాత్రం ఊరికే వచ్చినవి కావు. జబ్బుమనిషి చేత విత్తనం వేయించకూడదు. ఒక మడిలో రెండు చేతులు పడకూడదు. వెనకటికి ఇద్దరు తోడికోడళ్ళు తెలియక ఒకే వంగమడి వేసి, కాపు అయిందాకా ఒకరి పంటినొప్పి ఒకరు పడి, ఒకరు తిన్నదానికి ఇంకొకరు తేన్చి, ఆఖరికి మొహాలు చూసుకోవడం మానేశారు.

ఆ ఎండాకాలం దోసకాయలు కోస్తూ కోస్తూ పెద్దాయన మడిలోనే పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఓ పక్కకి లాగేసింది. కేకేస్తే రెండు పొలాల అవతల ఎద్దులు ఆగిపోయేంత గొంతు ఆయనది, అది గొణుగుడైపోయింది. దోసమడిలో కుడివైపు సగం ఆ మధ్యాహ్నానికే వాడిపోయింది, ఎడమవైపు సగం మామూలుగానే కాసింది. చెయ్యగలిగిందంతా చేశామని, ఇంకోసారి వస్తే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పాడు. చలికాలం జాగ్రత్త, అది దాటితే, అని ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే తుడుస్తుంటే పెద్దమ్మకి మిగతా మాట అర్థమైపోయింది.

ఇక ఆవిడ కంగారుకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మండుటెండలో దుప్పట్లు దించి దులిపింది. కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది. పెద్దాయన నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి, ఆయన్ని లేపేసి, లేచాడు కదా అని స్థిమితపడేది. రోజూ మంచం వసారాలోకి లాగించేది, పొలం కనిపిస్తే ప్రాణం లేచొస్తుందని. పొలం చూసి దిగులు పెట్టుకుంటాడేమోనని మళ్ళీ లోపలికి లాగించేది. ఆ లాగుడుకి గచ్చు అరిగి గాడి పడింది.

తొలకరి పడింది. చిక్కుడు వేసే అదను వచ్చింది. చిక్కుడు మడి ఎప్పుడూ పెద్దాయనదే, దాని పందిరి కూడా ఆయన కట్టిందే. తొలకరిలో వేస్తే చలికాలమంతా కాసే పంట అది. ఈసారి మాత్రం కోడలు వెయ్యాలని పెద్దమ్మ తేల్చింది. ఆయన చూస్తానంటే కుర్చీలో మోసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టారు. కోడలు పాదులు సరిచేసి గింజల చేట పట్టుకుంది. పెద్దమ్మ అప్పటికే ఇంట్లో పొయ్యి ఆర్పానో లేదోనని పరిగెత్తింది. ఆర్పే ఉంది.

మొలకలు లేచాయి. రెండు పాదుల్లో గింజలు ఎలుకలు తిన్నాయి గానీ మిగిలినవన్నీ పుల్లలు పట్టుకుని పైకి పాకాయి. తీగ ఎగబాకే కొద్దీ పెద్దాయన కుడి చేతి బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడువేలు. ఒక పూట కంచం ముందు కూర్చుని స్పష్టంగా, "ఉప్పేదే?" అన్నాడు. డాక్టరు వద్దన్నాడని పెద్దమ్మ ఇన్నాళ్ళూ చప్పిడి కూడు పెడుతోంది. కొడుకు పకపకా నవ్వాడు. పెద్దమ్మకి మాత్రం భయమేసింది. చెడు వస్తే ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. ఈ మంచి ఎటునుంచి వస్తోంది?

ఆ ప్రశ్న పట్టుకున్నాక ఆవిడ కంటికి అన్నీ కనిపించడం మొదలెట్టాయి. కోడలి కుడికాలి చెప్పు మడుల మధ్య ఎక్కడో ఊడిపోతోంది, ఆ పిల్లకి తెలియడం లేదు. బిందె జారింది. ఎడంచేత్తో తల దువ్వుకుంటోంది, పాపిడి కాలవలాగా వంకరపోతోంది. కూర తిప్పమంటే గరిట కుడిచేతిలో పెట్టుకుని, ఎడమచేత్తో ఆ చెయ్యి పట్టుకుని తిప్పుతోంది.

పెద్దమ్మ పొయ్యి మీది గిన్నె దించేసి, కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, కుడి అరచెయ్యి గిల్లింది. కోడలు ఊరుకుంది. ఇంకాస్త గట్టిగా గిల్లి, "నొప్పెట్టలేదూ?" అంది.

"గిల్లారా అత్తయ్యా?"

"చిక్కుడు మడిలో ఏం జరిగిందో చెప్పు."

కోడలు తల వంచుకుని చెప్పింది. మావయ్యగారు చేటలోంచి ఎడంచేత్తో చారెడు గింజలు తీశారు. అలవాటు కొద్దీ కుడిచేతిలో పోసుకుని, వేళ్ళు ముడిచారు. ఇక ఆ పిడికిలి తెరుచుకోలేదు. ఆయన ఒళ్ళు మరిచి దాన్ని పాదు మీదకి చాపి కూర్చున్నారు. గింజలు వెనక్కి తీసుకుందామని తను ఒక్కో వేలే విప్పుతుంటే, అవి జలజలా పాదులో పడిపోయాయి.

"ఆయన వేసినట్టా, నేను వేసినట్టా అని అప్పుడు అనుకున్నానత్తయ్యా. పడిపోయినవి ఎవరివీ కావులే అనుకుని మట్టి కప్పేశాను. ఆయన మొహం చూస్తే ఏరాలనిపించలేదు."

ఇద్దరి చేతులూ పడ్డాయన్నమాట. మడిలోంచి పిల్ల బలం ఆయనకి పోతోంది, ఆయన తిమ్మిరి పిల్లకి వస్తోంది. తీగ పందిరి ఎక్కేసరికి ఆయన కూర్చున్నాడు. ఇక పూతకొచ్చేసరికి ఈ పిల్ల మంచాన పడదని ఎవరు చెప్పగలరు? పీకేద్దామంటే పచ్చటి తీగ. పన్ను పీకినంత నొప్పి పిల్ల ఓర్చుకుంటుంది. ఆయన గుండె ఓర్చుకోదు. పీకితే ఆయన ఇప్పుడే పోతాడు, ఉంచితే కోడలు కొంచెం కొంచెంగా పోతుంది. పెద్దమ్మ జీవితమంతా రాని ఆపదలకి భయపడి, వచ్చిన ఆపద ముందు ఏ భయం పడాలో తెలియక నిలబడిపోయింది.

కొడుక్కి చెప్పారు. వాడు మారు మాట్లాడకుండా కొడవలి తీసి నూరడం మొదలెట్టాడు. కాసేపటికి పక్కన పెట్టేశాడు. మళ్ళీ తీసి నూరాడు. పెళ్ళాం కుంటుతూ అటు వెళితే నూరేవాడు, తండ్రి వసారాలో దగ్గితే పెట్టేసేవాడు. రెండు రోజుల్లో కొడవలి అరిగి చాకంత అయింది. పెళ్ళాన్ని పుట్టింటికి పంపిస్తే తగ్గుతుందేమో అన్నాడు. మడికి దూరమేమిటి, సముద్రం దాటినా దాహం దాహమే అంది తల్లి. పోనీ వేరే డాక్టరుకి చూపిద్దామన్నాడు. ఏమని చూపిస్తావురా, చిక్కుడు గింజలు పడ్డాయనా అంది. ఆపైన తల్లీ కొడుకులు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. కోడలు మధ్యలోకి వచ్చి, తనకేం కాలేదని చెబుతూ చెబుతూ గడప తట్టుకుని పడింది. వసారాలో మంచం మీద పెద్దాయన అన్నీ విన్నాడు. చెవులు రెండూ బాగానే ఉన్నాయి ఆయనకి.

మర్నాడు తెల్లవారేసరికి మంచం ఖాళీ. పెద్దమ్మ కేక కూడా వెయ్యలేకపోయింది. చీకటి విడీ విడకముందే చెప్పుల్లేకుండా మడుల మధ్య పడి పరిగెత్తింది. టమాటాలు తొక్కింది. అవి కొడుకు వేసినవి, ఇంట్లో వాడు నిద్రలో బాబోయని లేచి కూర్చున్నాడు.

పెద్దాయన చిక్కుడు పందిరి కింద నిలబడి ఉన్నాడు. ఎలా వచ్చాడో, ఎన్నిసార్లు పడ్డాడో, ఒళ్ళంతా బురద. మొదటి పాదు తీగని మొదలు దగ్గర పట్టుకున్నాడు. రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"దగ్గరికి రాకు," అన్నాడు. మాట ముద్దగానే ఉంది, కానీ మాటే. "పిల్ల పాడైపోతోంది. పీకేస్తాను."

"పీకితే పోతారు."

"పోనీ. నా వంతు తిన్నాను. చాలు."

"మీ వంతు మీరు తిన్నారు సరే. మీతో బతికే నా వంతు కూడా పీకెయ్యమని ఎవరన్నారండీ మీకు?" అంది పెద్దమ్మ.

ఆవిడ ఆయాసపడుతూ పందిరి కేసి చూసింది. తీగలు ఒకదాని మీద ఒకటి పాకి, ఏది ఏ పాదుదో పోల్చుకోవడానికి లేకుండా అల్లుకుపోయి ఉన్నాయి. కింద ఎలుకలు తిన్న పాదులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలు రోజూ చూస్తూనే ఉంది, నింపాలని అనుకుంటూనే ఉంది.

"నేనొచ్చేదాకా అలాగే నిలబడండి. కదిలారో, చూడండి మరి."

ఆయన కదల్లేదు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ మాటకి భయపడ్డ మనిషి, చచ్చిపోయే ముందు మాత్రం ఎందుకు ఎదురుచెబుతాడు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళి విత్తనాల డబ్బా తెచ్చింది. మామూలుగా అయితే పిడికెడు గింజలు వెయ్యడానికి ఆవిడ పదిమందిని పదిసార్లు అడిగేది, తడి చాలుతుందా, లోతు చాలుతుందా, ఈ పూట మంచిదేనా అని. ఆ పొద్దున ఎవరినీ అడగలేదు. గోళ్ళతోనే పాదులు గుల్లచేసింది. ఒక పాదులో వేసింది, రెండో పాదులో వేసింది, మట్టి కప్పింది, నీళ్ళు పోసింది. చేతులు కొంగుకి తుడుచుకుని, "ఇప్పుడీ మడిలో నేనూ ఉన్నాను. పీకండి చూద్దాం," అంది.

పెద్దాయన తీగ వదిలేశాడు.

ఆవిడ మొలకలు లేచి పాత తీగల్ని అందుకునేసరికి వానలు వెనకపట్టాయి. ఆ తర్వాత ఇంట్లో ముగ్గురూ కాస్త కాస్త కుంటుతూ తిరిగారు. ఎవరూ పూర్తిగా పడిపోలేదు, ఎవరూ పూర్తిగా లేవనూ లేదు. కోడలు బిందె ఎత్తింది, సగం నీళ్ళతో. పెద్దాయన కర్ర పట్టుకుని పెరడు దాకా వెళ్ళొచ్చాడు. పెద్దమ్మ చేతిలోంచి అప్పుడప్పుడు గ్లాసు జారేది. అది కంగారు వల్లేనని అందరూ అనుకునేవారు, ఆవిడ అనుకోనిచ్చేది. తీగలకి పేనుబంక పడితే ముగ్గురూ ఒకేసారి గోడకి వీపు రుద్దుకునేవారు. పెద్దాయనకి దొంగతనంగా ఉప్పు తినాలనిపిస్తే ఇద్దరాడవాళ్ళకీ నోట్లో నీళ్ళూరి, ఉప్పు డబ్బా దగ్గర ముగ్గురూ గుద్దుకునేవారు.

చలికాలం వచ్చింది. పెద్దమ్మ రాత్రి దుప్పటి మీద దుప్పటి కప్పి, పొద్దున్నే ఆ గుట్ట తవ్వి మొగుణ్ణి బయటికి తీసేది. ఈలోగా చిక్కుడు విరగ్గాసింది. పందిరి బరువుకి మోకాళ్ళ ఎత్తుకి దిగింది, బుట్టలు చాలక దిండు గలేబులు పట్టుకెళ్ళారు. కోసిన బుట్ట బజారు వ్యాను ఎక్కినప్పుడల్లా ముగ్గురి ఒళ్ళూ పిసరంత తేలికపడటం ముందు కోడలు కనిపెట్టింది. కాయలతోపాటు ఆ తిమ్మిరి కూడా కొంచెం కొంచెం బజారుకి పోతోంది. ఆ చలికాలంలో బజారులో చిక్కుడు కొన్నవాళ్ళందరికీ ఓ పూట కుడికాలు తిమ్మిరెక్కింది. బడిలో మేష్టరు బోర్డు మీద రాస్తే అక్షరాలు ఏటవాలుగా కిందికి జారాయి. మంగలి ఒకాయన మీసం ఒకవైపు ఎక్కువ తీసేసి, కొత్త ఫ్యాషనని చెప్పి పంపించాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. చిక్కుడు లేతగా ఉందని, మళ్ళీ ఎప్పుడు తెస్తావని వ్యాను అతన్ని అడిగారు. అతను పెద్దమ్మని అడిగాడు. తల మీద పెట్టుకు తిరిగే భయంలో కాస్త నవ్వు కూడా దూరింది ఆవిడకి.

చలి ఇంకా పూర్తిగా పోకముందే ముందువేసిన తీగలు పసుపెక్కడం మొదలెట్టాయి. ఒక్కో తీగ ఎండుతుంటే కోడలి పాదం కాస్త కాస్తగా నేల తెలుసుకుంది. పెద్దాయన కర్ర ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. ఇల్లంతా సంబరపడుతుంటే పెద్దమ్మ మాత్రం పందిరి కింద నిలబడి తన రెండు పాదుల్నీ చూసుకుంది. ఆలస్యంగా వేసినవి, ఇంకా పచ్చగా ఉన్నాయి, చివర్లో పూత కూడా ఉంది. పక్క తీగ ఎండిన ప్రతిసారీ తన కుడిచెయ్యి కొంచెం బరువెక్కుతోంది. మిగిలిన తిమ్మిరంతా పచ్చగా ఉన్నచోటికి వస్తోంది. ఇంకెక్కడికి పోతుంది మరి?

ఇది కోడలికి కూడా తెలిసింది. ఆ పిల్ల విత్తనాల డబ్బా పట్టుకుని వచ్చింది.

"నేను మీ పక్కన ఇంకో పాదు వేస్తానత్తయ్యా. మళ్ళీ పంచుకుందాం."

"నువ్వు వేస్తావు. తర్వాత నీది పచ్చగా ఉంటుంది, నీ కోసం నా కొడుకు వేస్తాడు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదే."

"మీ దగ్గరే ఎందుకు ఆగాలి?"

"నువ్వింకా చాలా గిన్నెలు తోమాలి, అందుకు," అంది పెద్దమ్మ. డబ్బా లాక్కుని మూత గట్టిగా పెట్టి, చీకటి పడకముందే దూడని కట్టెయ్యమని తరిమేసింది.

ఆవిడ పాదులు ఎండలు ముదిరాక ఎండాయి. ఆఖరి ఆకు రాలిన రోజున చెయ్యి మణికట్టు దాకా మొద్దుబారి, అక్కడితో ఆగింది. బజారుకి పోగా మిగిలింది అంతే. పెద్దమ్మ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్ళుగా వస్తుందేమో వస్తుందేమోనని తను తలుపులేసుకు కూర్చున్నది ఏదో వచ్చేసింది. చూస్తే ఇంతే ఉంది. ఒడిలో పట్టేంత.

డాక్టరు వచ్చి పెద్దాయన్ని వసారా ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి, తన మందు గొప్పదని తేల్చి వెళ్ళాడు. ఆవిడ చెయ్యి చూపించనూ లేదు, ఆయన అడగనూ లేదు.

ఆ సాయంత్రం ఆవిడ వసారాలో కూర్చుని ఎండిన కాయలు ఎడంచేత్తో నలిపి గింజలు తీస్తోంది. సగం చేటలో, సగం కిందా పడుతున్నాయి. పెద్దాయన దోసమడి తవ్వి చెమటలు కక్కుతూ వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

"ఏమే, దాహమేస్తోంది. నీళ్ళు తే."

మంచాన ఉన్నన్నాళ్ళూ ఆయనకి గుక్క గుక్కా ఆవిడే తాగించింది. పొలమారుతుందేమోనని ప్రతి గుక్కకీ తన ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు తలెత్తలేదు. ఒక కాయ నలిపి, గింజలు ఊది, "కుండ అక్కడే ఉంది. మీరే తెచ్చుకోండి," అంది.

ఈ ఇంట్లో మగవాడికి మంచినీళ్ళకి కూడా దిక్కులేదని పెద్దాయన రెండు పొలాల అవతల ఎద్దులు ఆగిపోయేలా అరిచాడు. అరుస్తూనే లోపలికి వెళ్ళాడు. గచ్చు మీద రెండు కాళ్ళ చప్పుడూ సమానంగా పడుతోంది. పెద్దమ్మ ఆ చప్పుడు వంటింటిదాకా విని, ఇంకో కాయ అందుకుంది.